మేడ మీద ఏరు

గురునాథరావు తన జన్మలో ఎవరి మాటా చివరిదాకా విన్న మనిషి కాదు. మీరు మాట మొదలుపెట్టిన కాసేపటికి ఆయన చెవి రిక్కించేవాడు. అది మీ మాట కోసమని మీరు మురిసిపోతే మీ ఖర్మ. వెనకగదిలో నీళ్ళ చప్పుడు మారిందేమోనని ఆయన బెంగ. మారినట్టు తోచగానే "నీళ్ళు చూసొస్తాను" అని లేచిపోయేవాడు. మీ ఇంట్లో దొంగలు పడ్డారని చెబుతున్నా సరే, మీ అబ్బాయి పదోక్లాసు తప్పాడని కళ్ళనీళ్ళు పెట్టుకుంటున్నా సరే. ఆ నీళ్ళు ఊరికి తాగునీళ్ళూ కావు, ఉక్కు ప్లాంటుకి చల్లనీళ్ళూ కావు. ఆయన పెంచుకునే బంగారు చేపల తొట్టిలోవి.

పోనీ తిరిగొచ్చాక ఎక్కడ ఆపారని అడిగేవాడా అంటే, అదీ లేదు. వచ్చి కూర్చుని, తాను వినని మాటకి జవాబు చెప్పేవాడు. ఆ జవాబు పరగడుపున కాకరకాయ రసం తాగినట్టుండేది. నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందంటారు. ఆయన నోటి లెక్కన చూస్తే భిలాయిలో మంచి మనిషి ఇంకా పుట్టలేదు.

తొంభైల మొదట్లో మరోదా సెక్టార్‌లో మా ఇద్దరివీ ఎదురెదురు ఇళ్ళు. కింద రెండు క్వార్టర్లు, పైన రెండు. పైన మెట్లకి ఇటు నేను, అటు ఆయన. నేను ప్లాంటు స్టోర్స్‌లో గుమాస్తాని. ఆయన నీటి సరఫరా విభాగంలో పంపులు నడిపించేవాడు. డ్యూటీలో ఉన్నంతసేపూ నీళ్ళు పైకెక్కించడం, కిందికి దించడం. అలాంటి మనిషి ఇంటికొచ్చాక ఏ పేకాటో ఆడుకోవాలి, ఆదివారం టీవీ ముందైనా కూలబడాలి. ఈయన ఇంటికొచ్చి, చొక్కా విప్పి, బనీనుతో మళ్ళీ నీళ్ళు పైకెక్కించి కిందికి దించేవాడు.

ఆ తొట్టి సంగతి కాస్త చెప్పాలి. ముందుగదిలో పెడితే ఎండ తగిలి నాచు పడుతుందని దాన్ని వెనకగదిలో పెట్టాడు. ఇనప స్టాండు మీద మంచమంత గాజుతొట్టి. దాని మూల నిలువుగా ఒక గొట్టం. నీళ్ళు ఆ గొట్టం అంచు దాటగానే లోపలికి జారి, స్టాండు కింద దాచిన రెండో తొట్టిలో పడతాయి. అక్కడ స్పాంజీ ముక్కల్లోంచి వడకట్టుకున్నాక ఒక చిన్న మోటారు వాటిని మళ్ళీ పైకి పంపుతుంది. ఎక్కే దారికి ఒక వాల్వు, దిగే దారికి ఒక వాల్వు. ఎక్కేదెంతో దిగేదీ అంతే ఉండాలి. దిగే దారి మూసుకుపోతే పైతొట్టి పొంగుతుంది. మోటారు ఆగితే పైనున్నది కిందికొచ్చి కిందితొట్టి పొంగుతుంది. ఏది పొంగినా తడిసేది మాత్రం కింద వాటాలో ఉండే రాజాబాబు ఇంటి కప్పే.

ఈ ఎక్కడం, దిగడం తప్ప ఆయనకి లోకంలో వేరే కొలత ఉండేది కాదు. మా సెక్షన్ ఆఫీసరు గురించి అడిగితే, "జీతం ఎక్కుతుంది, బుర్రలోంచి ఏదీ దిగదు" అనేవాడు. ఇంటికొచ్చిన వాళ్ళు చేపల్ని చూసి పులుసెప్పుడు పెడతారని హాస్యమాడేవారు. మన ఉత్తరాంధ్ర వాళ్ళకి చేపని చూస్తే ఇంకో మాట రాదు గదా. అలా అన్నవాళ్ళకి ఆయన భార్య పార్వతమ్మగారు టీ తెచ్చేలోపు ఆయన వాల్వు దగ్గరికెళ్ళిపోయేవాడు, వాళ్ళు వెళ్ళిపోయేదాకా తిరిగొచ్చేవాడు కాదు. క్రమంగా వచ్చేవాళ్ళు తగ్గారు. పార్వతమ్మగారు మాత్రం ఎప్పుడూ రెండు గ్లాసుల నీళ్ళు ఎక్కువే పోసి టీ పెట్టేది. అవి మిగిలిపోతే నన్ను పిలిచేది.

మా ఇంట్లో సత్యనారాయణ వ్రతం చేసుకున్నప్పుడు ఆయన్ని పీట పక్కనే కూర్చోబెట్టాను, లేవకుండా ఉంటాడని. కథ చదువుతూ పంతులుగారు పడవ మునిగే ఘట్టానికి వచ్చారు. నీట మునిగింది అన్న మాట చెవిన పడగానే గురునాథరావు దిగ్గున లేచాడు. ప్రసాదం తీసుకోకుండా లేస్తే ఏమవుతుందో పంతులుగారు అప్పుడే గదా చదువుతున్నది. ఆయన గాభరాగా చెయ్యి చాపి ఆపబోయారు. గురునాథరావు ఆ చెయ్యి దాటుకుంటూ, "మీరు కానివ్వండి, ఆ పడవ సంగతి మీరు చూడండి. నా నీళ్ళు నేను చూసొస్తాను" అన్నాడు. మా ఆవిడ ఆయనతో ఏడాది మాట్లాడలేదు. ఆ సంగతి ఆయన గమనించనూ లేదు.

ఇంకోసారి పార్వతమ్మగారి అన్నగారింట్లో పెళ్ళి. విజయనగరం వెళ్ళాలని ఇద్దరూ దుర్గ్‌లో రైలెక్కారు. రాయపూర్‌లో టీ తాగుతానని ప్లాట్‌ఫారం మీదికి దిగిన మనిషి మళ్ళీ ఎక్కలేదు. కిటికీ దగ్గరికొచ్చి "నీళ్ళు చూసొస్తాను" అన్నాడట. రైలు కదిలిపోయింది. ఆవిడ ఒక్కతే పెళ్ళికి వెళ్ళింది. తిరిగొచ్చాక నాతో చెప్పింది. "ఆయన రాలేదేటని అందరూ అడిగినారు బాబూ. ఇంట్లో పిల్లలకి బాగులేదని చెప్పాను. చేపపిల్లలని చెప్పలేదు." నవ్వుతూనే చెప్పింది గాని, ఆ నవ్వులో తీపి లేదు. సొంత అన్నగారింటి పెళ్ళిలో మొగుడేడని అడిగించుకుంటే ఎవరికైనా అంతే.

ఇక రాజాబాబు. రోలింగ్ మిల్లులో పని. మెత్తని మనిషే, గాని తలమీద చుక్క పడుతుంటే ఎవరు మెత్తగా ఉంటారు? మొదటి చుక్క సరిగ్గా ఆయన పప్పన్నంలో పడింది. కంచం పట్టుకునే పైకొచ్చాడు. గురునాథరావు కిందికి దిగి, కప్పుకేసి చాలాసేపు చూసి, వేలితో తడి తీసి వాసన చూసి, "ఇవి నా నీళ్ళు కావు. నా నీళ్ళు ఇంత మురికిగా ఉండవు" అన్నాడు. ఆనాటినుంచి రాజాబాబు భార్య కుసుమ ఆయన మెట్లు దిగుతుంటే తలుపు ధడాల్న మూసేది. ఆయన ఆ తలుపుని ఉద్దేశించి, "మడతబందుకి నూనె వెయ్యండి" అని వెళ్ళేవాడు.

ఇలా ఉండగా రాజాబాబు తల్లి గున్నమ్మ వచ్చింది. నాగావళి గట్టున ఒక ఊరు ఆవిడది. ఇంటి పెరట్లో నిలబడితే ఏరు కనిపించేదట. తుంటి విరిగి, కర్ర పట్టుకుని నాలుగడుగులు వేసే స్థితిలో ఉంటే కొడుకు వెళ్ళి తీసుకొచ్చాడు. వెనకగదిలో మంచం వేశారు. కిటికీ తెరిస్తే పక్క బ్లాకు గోడ. ఆవిడకి హిందీ రాదు. మనవలకి తెలుగు అంతంతమాత్రం. వాళ్ళు దాదీ అని పిలిస్తే ఆవిడ పలికేది కాదు, అది తన పేరు కాదని. కొడుకు షిఫ్టులు, కోడలు వంటపనీ పిల్లల పనీ. ఆవిడ నోరు కూడా తక్కువదేం కాదు. అన్నం పెడితే బియ్యానికి వంక, కూర వేస్తే కారానికి వంక. కుసుమ ఎంత ఓర్చుకున్నా రోజుకి ఒకసారి వాళ్ళిద్దరి గొంతులూ మెట్లమీదికి వినబడేవి.

ఆవిడ వచ్చిన కొన్నాళ్ళకి ఇంకో చప్పుడు మొదలైంది. ఆవిడ మంచం పక్కన గోడ వెంట పైకి పోయే ఇనపగొట్టం ఉంది. ఆవిడ కర్రతో దాన్ని కొట్టేది. ఒకసారి టంగు మనేది. ఒకసారి టంగు టంగు మనేది. ఎక్కువగా మధ్యాహ్నాలు, మేడంతా కునుకు తీసే వేళ. ఆ దెబ్బ వినగానే పైన గురునాథరావు ఎదుట ఎవరున్నా వదిలేసి వాల్వు దగ్గరికి పరిగెత్తేవాడు. సరిగ్గా ఆ తొట్టి కిందే ఆవిడ మంచం. ఆయన తొట్టి గుటకలు వేస్తూ, బుడబుడలాడుతూ, ఉండుండి గలగలమంటూ మొత్తుకునేది. దాని మోతకి ముసలావిడకి నిద్ర పట్టక గొట్టం కొడుతోందని కుసుమ అనుకుంది, రాజాబాబు అనుకున్నాడు, నేనూ అనుకున్నాను. ఆయన గూడా సిగ్గుపడి తగ్గించడానికే పరిగెడుతున్నాడని అనుకున్నాం. తగ్గించినట్టు మాత్రం ఎప్పుడూ అనిపించలేదు.

ఒకరోజు రాజాబాబు మెట్లమీదే ఆయన్ని పట్టుకున్నాడు.

"మీ చేపల వల్ల మా అమ్మకి నిద్దర్లేదండీ. కొట్టి కొట్టి చెయ్యి పీకుతంది ముసలిదానికి" అన్నాడు.

"కొట్టనీ. చేతికో పనుంటాది" అన్నాడు గురునాథరావు, పైకెళ్ళిపోతూ.

అంతటి మాట అన్నాక ఇంకెవరు క్షమిస్తారు? రాజాబాబు ముఖం చూడలేక నేను నా ఇంట్లోకి వెళ్ళిపోయాను. ఆ రోజునుంచి మేడలో ఎవరూ ఆయన్ని పలకరించలేదు. దీపావళికి అందరిళ్ళకీ మిఠాయి పళ్ళేలు తిరిగాయి, ఆయన గుమ్మం దగ్గర ఆగలేదు. పార్వతమ్మగారు తాను చేసిన అరిసెలు ఒక పళ్ళెంలో సర్ది, గుమ్మం దాకా వచ్చి, మళ్ళీ లోపలికి తీసుకుపోవడం నేను చూశాను.

మరుసటి వానాకాలంలో అసలు ఉపద్రవం వచ్చింది. తొట్టిలో పెంచే ఆకు ఒకటి తెగి, దిగే గొట్టంలో అడ్డం పడింది. ఆ పూట గురునాథరావు డ్యూటీలో ఉన్నాడు. పార్వతమ్మగారు బజారుకెళ్ళింది. మోటారు దాని మానాన అది కిందితొట్టిలోని నీళ్ళన్నీ పైకి తోడేసింది. పైతొట్టి పొంగి, గదంతా మడుగై, కప్పు పగుళ్ళలోంచి కిందికి ధారకట్టింది. గున్నమ్మ మంచం, పరుపు, దుప్పటి, అన్నీ తడిసిపోయాయి. సాయం లేకుండా లేవలేని మనిషి, పిల్లల్ని బడినుంచి తేవడానికెళ్ళిన కుసుమ వచ్చేదాకా ఆ తడిలోనే ఉంది. సాయంత్రానికి జలుబు, దగ్గు.

డ్యూటీ దిగొచ్చిన గురునాథరావు సంగతి విని, సైకిలు గోడకి కూడా ఆనించకుండా పడేసి, నేరుగా కింద వాటా గుమ్మంలోకి వెళ్ళాడు. రాజాబాబు అడ్డం నిలబడ్డాడు.

"లోపలికి రావొద్దు. రేపు టౌన్ ఆఫీసుకెళ్ళి కాయితం ఇచ్చీస్తాను. ఆ తొట్టైనా ఉండాల, నేనైనా ఉండాల."

గురునాథరావు ఆయన భుజం మీదుగా లోపలికి తొంగిచూశాడు. లోపల గున్నమ్మ దగ్గు వినిపించింది. ఏదో ఒక చేదుమాట అంటాడని నేను కాచుకున్నాను. ఆయన వెనక్కి తిరిగి మెల్లగా మెట్లెక్కాడు.

ఫిర్యాదు కాయితం దాకా ఎందుకని నేనే మధ్యన పడ్డాను. పవర్ హౌస్ బజారులో చేపల తొట్లు అమ్మే మనోజ్‌కుమార్ అనే కుర్రవాడు నాకు తెలుసు. క్యాంప్ టూ బస్తీలో పుట్టి పెరిగిన మన శ్రీకాకుళం వాళ్ళ పిల్లాడే. అతన్ని తీసుకొచ్చి బాగు చేయిస్తే తొట్టి ఉంచనివ్వమని రాజాబాబుని ఒప్పించాను. మనోజ్ వచ్చి, తొట్టిముందు గొంతుక్కూర్చుని, రెండు వాల్వులూ అటూ ఇటూ తిప్పి చూసి, ఆశ్చర్యపోయాడు.

"అంకుల్, ఇలా ఎవరు సెట్ చేసినారు? నీళ్ళు కొంచెం తగ్గిస్తే సన్నగా చప్పుడు లేకుండా దిగుతాయి. కొంచెం పెంచితే గొట్టం నిండిపోయి అప్పుడూ చుప్. మీరు కరెక్ట్‌గా రెంటికీ నడిమధ్యన పెట్టినారు. గాలీ నీళ్ళూ కలిసి గుటకలు వేస్తాది, లెవెల్ ఎగురుతాది. ఒక చిన్న ఆకు అడ్డం పడితే బస్, పొంగిపోతాది. జాన్‌బూఝ్‌కే, కావాలనే పెట్టినట్టుంది."

అందరం గురునాథరావుని చూశాం. ఆయన మనోజ్‌ని చూసి, "ఈ వారం నీ షాపులో ఎన్ని చేపలు చచ్చినాయి?" అని అడిగాడు. మనోజ్ నవ్వేసి, గొట్టానికి చప్పుడు ఆపే మూతి ఒకటి బిగించి, వాల్వు తిప్పాడు. గుటకలు ఆగిపోయాయి. నీళ్ళు ఎక్కుతున్నాయో దిగుతున్నాయో కూడా తెలియనంత నిశ్శబ్దం. రాజాబాబు చేతులు జోడించి మనోజ్‌కి దండం పెట్టాడు. కుసుమ ఆరిన పరుపు తెచ్చి గున్నమ్మ మంచం మళ్ళీ వెనకగదిలో వేసింది.

ఆ తర్వాత మేడలో శాంతి వస్తుందనుకున్నాం. వచ్చింది వేరొకటి. గురునాథరావుకి ఇప్పుడు చెవి రిక్కించాల్సిన పని లేదు. లేచి వెళ్ళాల్సిన పని లేదు. అందువల్ల మా మాటలు మొదటినుంచి చివరిదాకా వినడం మొదలుపెట్టాడు. ఆయన పూర్తిగా వింటే ఇంత ప్రమాదమని మాకెవరికీ అప్పటిదాకా తెలియదు. ప్రమోషన్ రాలేదని నా గోడు చెప్పుకుంటే కదలకుండా కూర్చుని అంతా విని, ఎందుకు రాలేదో చెప్పాడు. నేను ఇంటికొచ్చి ఆ పూట అన్నం తినలేదు. పార్వతమ్మగారైతే, "వాల్వు మళ్ళీ పాడు చెయ్యి బాబూ, నీకు పుణ్యముంటాది. మాటకి మాట పట్టుకుంటన్నారు" అని నన్ను బతిమాలింది.

కింద గున్నమ్మ గొట్టం కొట్టింది. ఒక దెబ్బ. జవాబు రాలేదు. రెండు దెబ్బలు. పైన గురునాథరావు కుర్చీలోంచి సగం లేచి మళ్ళీ కూర్చోవడం నా కళ్ళారా చూశాను. ఆవిడ ఆ మధ్యాహ్నమంతా కొట్టింది. కుసుమ కసిరి కర్ర తీసి మూలన పెట్టింది. తర్వాత ఆవిడ కొట్టడం మానేసింది. వంకలు పెట్టడం కూడా మానేసింది. అన్నం ముద్దయిందా, కూరలో ఉప్పుందా అని అడగడం లేదు. రెండు మెతుకులు తిని పళ్ళెం తోసేస్తోంది. కళ్ళు మూసుకుంటుంది గాని నిద్ర లేదు. ఆస్పత్రికి తీసుకెళ్తే డాక్టరుగారు జలుబు తగ్గిపోయిందన్నారు, వయసన్నారు, టానిక్ రాశారు.

కోడలికి భయం పట్టుకుంది. ఎంత పోట్లాడినా, ఇంట్లో వంక పెట్టే నోరు మూతపడితే భయమే. కుసుమ మెట్లెక్కి ఆ గుమ్మం తొక్కడం అదే మొదలు. నేను కూడా అక్కడే ఉన్నాను, మిగిలిన టీ తాగుతూ. పార్వతమ్మగారి దగ్గర కూర్చుని కళ్ళు తుడుచుకుంటూ చెప్పింది, అత్తకి మతి తప్పుతోందని, ఏరెండిపోయిందని పదే పదే అంటోందని. ఈ ఊళ్ళో ఏరేది, ఎండిపోయేదేది?

పార్వతమ్మగారు మొగుడివైపు చూసింది. ఆయన గోడవైపు చూశాడు.

"సెప్పండి. మీరు సెప్తారా, నన్ను సెప్పమంటారా?" అంది ఆవిడ.

ఆవిడ ఇంక మాట పెంచకుండా, వెళ్ళి మీ అత్తని పైకి తీసుకురా అని కుసుమతో అంది.

రాజాబాబు తల్లిని కుర్చీలో కూర్చోబెట్టాడు. ఆయనో పక్క, నేనో పక్క పట్టుకుని మెట్లెక్కించాం. గున్నమ్మ దారి పొడుగునా మేం మొయ్యడం రాని వాళ్ళమని తిట్టింది. చాలా రోజుల తర్వాత ఆవిడ నోట తిట్టు విని రాజాబాబు ముఖం తేటపడింది. తొట్టి ఎదురుగా కుర్చీ దించాం. ఆవిడ చేపల్ని ఒక్క చూపు చూసి వదిలేసి, గురునాథరావువైపు తిరిగింది.

"ఏరా గురునాథం. ఎవుల్నడిగి కట్టేసినావు?"

"నీ కొడుకునడుగు పిన్నీ. ఆడే కట్టించినాడు."

"ఆడు సెప్తే నువ్వు కట్టేస్తావేటి? ఏరు ఆడిదా, నాదా?"

రాజాబాబుకి ఏమీ అర్థం కాలేదు. నాకూ కాలేదు. అప్పుడు పార్వతమ్మగారు చెప్పుకొచ్చింది.

గున్నమ్మ వచ్చిన కొత్తలో, కప్పు తడి చూడటానికి గురునాథరావు కిందికి వెళ్ళాడు. రాజాబాబు డ్యూటీలో, కుసుమ నీళ్ళగదిలో. ఈయన కప్పుకేసి చూస్తూ, నిద్ర చెడిందా అని తన ధోరణిలో ముసలావిడని అడిగాడు. ఆవిడ, చెడటమేటి, ఈ ఊరొచ్చాక మొదటిసారి కన్ను మూతపడింది అంది. ఈ ఊళ్ళో నీళ్ళకి గొంతు లేదు, గొట్టంలో వస్తాది, గొట్టంలో పోతాది, మధ్యలో నోరిప్పదు, నీ ఇంట్లోనే నీళ్ళు మాటాడతన్నాయి అంది. అక్కడితో ఆగితే ఆయనా మురిసిపోయి ఊరుకునేవాడు. గున్నమ్మ ఆగే మనిషా? కాని నీ ఏరు ఎండలకాలం ఏరులాగుంది, ఇసకలో ఈడ్చుకుంటా పోతంది, శ్రావణంలో మా ఏరు ఇలగుండదు అని వంక పెట్టింది. గురునాథరావుకి ఒళ్ళు మండింది. పైకొచ్చి, అంతకు ముందే చప్పుడు ఆపడానికి తెచ్చి ఉంచుకున్న మూతిని అటక మీద పారేసి, శ్రావణమాసపు ఏటి చప్పుడు వచ్చేదాకా వాల్వు తిప్పాడు. సరిపోకపోతే చెప్పమన్నాడు. ఆవిడ కర్రతో గొట్టం కొట్టి చెప్పేది. ఒక దెబ్బకి వరద తగ్గించమని. రెండు దెబ్బలకి పెంచమని.

"రాయపూర్‌లో రైలు దిగిపోయింది కూడా అందుకే" అంది పార్వతమ్మగారు. "బయల్దేరే ముందర పిన్ని రెండు దెబ్బలు కొట్టినాది. ఈయన సరిచెయ్యకుండా వచ్చీసినారు. దారంతా అదే గోల."

తర్వాత కుసుమ, "ఇన్నాళ్ళూ నాకొక్క మాట సెప్పలేదేటత్తా" అంది.

"అడిగినావేటి?" అంది గున్నమ్మ. "కొట్టొద్దని కసిరినావు, కర్ర లాక్కున్నావు. ఎందుకు కొడతన్నావని ఒక్కలైనా అడిగినారేటి? నిద్దర చెడిందా అని ఆడొక్కడే అడిగినాడు."

ఆ మాట గదిలో అందరికీ తగిలింది, నాతో సహా. రాజాబాబు తల వంచుకున్నాడు. కుసుమ అత్త పాదాల దగ్గర కూర్చుండిపోయింది. ఏడాదిపాటు ఒక మనిషిని దుర్మార్గుడని మేడంతా ఏకమై తేల్చాం. ఆ దుర్మార్గుడు అదే ఏడాది రోజూ ఒక ముసలమ్మకి జోల పాడుతున్నాడు, వాల్వుతో. ఆ ముక్క ఒక్కసారి బయటికి అంటే ఆయన సొమ్మేం పోయేది?

అదే అడిగాను. గురునాథరావు నావైపు అసహ్యంగా చూశాడు.

"నీకు మతి పోయిందేటి సత్యారావూ? ఆవిడ కోసమని ఎవరన్నారు? నా నీళ్ళకి వంక పెట్టింది. ఊరుకుంటానేటి?"

మర్నాడే మళ్ళీ మనోజ్‌ని పిలిపించాం. బిగించింది విప్పమంటే కుర్రాడు బుర్ర గోక్కున్నాడు. చప్పుడు కావాలి, పొంగకూడదు, అదెలా? చివరికి అతనే దారి చెప్పాడు. మొదటి గొట్టం కన్నా వేలెడు ఎత్తులో రెండో గొట్టం పెడితే, మొదటిది ఎన్ని గుటకలు వేసినా, మూసుకుపోయినా, పైకొచ్చిన నీళ్ళు రెండోదాంట్లోంచి దిగిపోతాయి. ఇంకేం పొంగదు. దానికి గాజుకి ఇంకో కన్నం పెట్టాలి. పగిలితే తొట్టి మొత్తం పోతుంది. ఆ భయంతోనే గురునాథరావు ఇన్నాళ్ళూ ఆ పని జోలికి పోలేదు.

చేపల్ని బకెట్లలోకి మార్చారు. వాటిని మా ఇంట్లో పెట్టుకున్నాం. మా ఆవిడ వ్రతంనాటి కోపం మర్చిపోయి వాటికి మూత వేసింది. రాజాబాబు సెలవు పెట్టి, ఖాళీ తొట్టిని రెండు చేతులతో కదలకుండా పట్టుకుని కూర్చున్నాడు. మనోజ్ గాజు మీద నీళ్ళు చిలకరిస్తూ, సన్నగా, ఓపిగ్గా తొలిచాడు. గురునాథరావు ఆ పక్కనే నిలబడి, రాజాబాబు పట్టుకున్న తీరు బాగాలేదన్నాడు, మనోజ్ చెయ్యి వణుకుతోందన్నాడు, నేను వెలుతురుకి అడ్డం ఉన్నానన్నాడు. ఎవరికీ కోపం రాలేదు. గాజు ముక్క చప్పుడు లేకుండా ఊడొచ్చింది. అద్దానికి చిన్న గీత కూడా పడలేదు. రాజాబాబు ఊపిరి వదిలి, నుదురు తుడుచుకుని, పార్వతమ్మగారిని టీ అడిగి తాగాడు.

మధ్యాహ్నానికి నీళ్ళు నింపి మోటారు వేశారు. గురునాథరావు వాల్వు ముందు కూర్చున్నాడు. మొదట సన్నగా, తర్వాత గరగరా, ఆ తర్వాత ఆ పాత గుటకలూ గలగలా. రెండో గొట్టంలోకి అప్పుడప్పుడూ ఒక జాలు జారుతోంది, నేల మాత్రం పొడిగా ఉంది. మేమంతా కిందికి పరిగెత్తాం. గున్నమ్మ మంచం మీద వెల్లకిలా పడుకుని కప్పుకేసి చూస్తోంది. కుసుమ మంచం కోడు పట్టుకుని వంగింది.

"బాగుందేటత్తా?"

"ఏటి బాగు" అంది గున్నమ్మ. "ఏరంటే ఒడ్డు తగలాల. ఇది ఒడ్డు తగలకుండా ఎలిపోతంది. ఇంకాస్త ఎడంగా..."

ఆ మాట పూర్తి కాలేదు. నోరు కాస్త తెరుచుకునే ఉంది, కళ్ళు మూతపడ్డాయి. గురక మొదలైంది. కుసుమ దుప్పటి గొంతు దాకా కప్పి, పిల్లల్ని చప్పుడు చెయ్యొద్దని సైగ చేసింది. మేం వేళ్ళమీద బయటికొచ్చాం.

మెట్ల దగ్గర నిలబడి పైకి చూస్తే గురునాథరావు పిట్టగోడ మీదుగా వంగి ఉన్నాడు. బనీను అంతా తడి.

"ఏటన్నాది?" అని అడిగాడు.

రాజాబాబు నావైపు చూసి, గొంతు సవరించుకున్నాడు. "చాలా బాగుందన్నాదండీ. నిద్దరోయింది."

గురునాథరావు తల అడ్డంగా ఊపాడు.

"అబద్ధం. పిన్ని నోట ఆ మాట రాదు. లేచాక సరిగ్గా అడిగి చెప్పు" అని లోపలికి వెళ్ళిపోయాడు.